రెక్కకు రెండు ముఖాలు

రిమోట్‌తో నడిచే పందెం పడవల ప్రొపెల్లర్ పోత పోసిన చోటు నుంచి నేరుగా వచ్చినప్పుడు చూస్తే ఎవరికీ ముచ్చటేయదు. మాసిన రంగు లోహం. ఒళ్ళంతా గరుకు. కరిగిన లోహం అచ్చులోకి దిగిన చోట తుంచేసిన గుర్తు ఇంకా అలాగే ఉంటుంది. అంచులు మొద్దు. రెండు రెక్కలు, వాటిని కలిపే హబ్, అందులో షాఫ్ట్ దూరే రంధ్రం, అంతే. ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు సెంటీమీటర్లు. పని తెలిసిన మనిషి చేతిలో పడి బయటికి వచ్చాక అదే వస్తువును గుర్తుపట్టలేం. రెక్కలు పలచబడతాయి, అంచు సన్నమవుతుంది, పచ్చని లోహంలో మన ముఖం కనిపిస్తుంది. చూసినవాళ్ళు ముందుగా మెచ్చుకునేది ఆ మెరుపునే. వేగానికి ఆ మెరుపు ఇచ్చేది చాలా కొంచెం. కానీ అది లేకపోతే మిగతా పనంతా సరిగ్గా జరిగిందో లేదో కంటితో తేల్చుకునే దారి ఉండదు.

అమెరికాలో ఈ ఆటకు పేరు మోసిన ప్రొపెల్లర్లలో ఆక్టూరా వాళ్ళ ఎక్స్ వరస ఒకటి. ఆ పేర్లలోనే లెక్క ఉంటుంది. ఎక్స్440 అంటే వ్యాసం 40 మి.మీ., పిచ్ వ్యాసానికి 1.4 రెట్లు. అంటే గట్టి పదార్థంలో మర దిగినట్టు దిగితే ఒక్క చుట్టుకు 56 మి.మీ. ముందుకు పోవాలి. ఎక్స్642 అంటే 42 మి.మీ. వ్యాసం, 1.6 రెట్ల పిచ్. విశేషం ఏమిటంటే ఇవి పచ్చి పోతలుగానే అమ్ముడవుతాయి. పదును పెట్టుకోవడం, బ్యాలెన్స్ చేసుకోవడం, మెరుగు పెట్టుకోవడం కొన్నవాడి పని. చేతకానివాళ్ళు పదును, బ్యాలెన్స్ పూర్తి చేసి అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కుంటారు. పోత ధర మీద పనితనానికి వేరే ధర పడుతుంది. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు పోతలు రెండు చేతుల్లో పడి రెండు రకాల పడవలను నడపగలవని పందెగాళ్ళకు బాగా తెలుసు. అందుకే ఫలానా వాళ్ళు పదును పెట్టిన ప్రొపెల్లర్ అని పేరు చెప్పి మరీ వెతుక్కుంటారు.

ఈ పని ఎందుకింత సూక్ష్మమో తెలియాలంటే ముందు ఆ ప్రొపెల్లర్ నీటిలో ఎక్కడ తిరుగుతుందో చూడాలి. పెద్ద ఓడ ప్రొపెల్లర్ పూర్తిగా నీటిలో మునిగి ఉంటుంది. పందెం పడవది అలా కాదు. పడవ వేగం అందుకున్నాక ప్రొపెల్లర్‌లో కింది సగమే నీటిలో ఉంటుంది, పై సగం గాలిలో తిరుగుతుంది. నీటి ఉపరితలాన్ని చీల్చుకుంటూ తిరిగే ఈ పద్ధతిని 20వ శతాబ్దం తొలి దశకాల్లో కెనడాలో పుట్టిన ఆల్బర్ట్ హిక్మన్ తన సీ స్లెడ్ పడవల్లో వాడాడు. అందరి కళ్ళూ తెరిపించింది మాత్రం 1950 జూన్ 26న సియాటిల్ దగ్గర లేక్ వాషింగ్టన్ మీద స్లో-మో-షన్ 4 అనే హైడ్రోప్లేన్. టెడ్ జోన్స్ రూపకల్పన, ఆంకర్ జెన్సన్ కట్టుబడి. యజమాని స్టాన్ సేర్స్ దాన్ని గంటకు 160.32 మైళ్ళ వేగంతో నడిపాడు. ఆ వేగంలో పడవ ముందు వైపు పక్కలకు పొడుచుకొచ్చిన రెండు స్పాన్సన్ల మీద, వెనక సగం మునిగిన ప్రొపెల్లర్ మీద ఆనుకుని పోతుంది. నేటి మోడల్ హైడ్రోప్లేన్లు దాని వారసులే. పరిమాణం తగ్గింది, చుట్లు పెరిగాయి. చిన్న ఎలక్ట్రిక్ పడవల్లో నిమిషానికి 30,000 చుట్లు వింతేమీ కాదు.

30,000 అంటే సెకనుకు 500. నలభై మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ రెక్క చివర ఆ లెక్కన సెకనుకు దాదాపు 63 మీటర్లు పరుగెడుతుంది, గంటకు 226 కిలోమీటర్లు. ప్రతి రెక్కా సెకనుకు 500 సార్లు గాలిలోంచి నీటిలోకి దిగుతుంది, 500 సార్లు బయటికొస్తుంది. దిగిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. ఆ వేగంలో నీరు మెత్తని పదార్థమేమీ కాదు.

రెక్క నీటిలోకి దిగేటప్పుడు తనతో పాటు గాలిని లాక్కుపోతుంది. ఆ గాలి రెక్క ముందు వైపున, అంటే పడవ వైపు తిరిగి ఉన్న ముఖం మీద, పొడవాటి గాలి తెరలా పరుచుకుంటుంది. వెనక్కి చూస్తున్న ముఖం మాత్రం నిండుగా నీటిని నెడుతుంది. పడవను తోసేదంతా ఆ ఒక్క ముఖమే. ప్రొపెల్లర్ల భాషలో పడవ వైపు ముఖాన్ని వీపు అంటారు, నీటిని నెట్టే దాన్ని ఒత్తిడి ముఖం అంటారు. పూర్తి వేగంలో వీపుకు నీరు తగిలేది అరకొరే. చేతిపనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన తమాషా ఇక్కడే ఉంది. పనివాడు గంటల తరబడి అరగదీసేది ఆ వీపునే. ఒత్తిడి ముఖం జోలికి అతను వీలైనంత తక్కువగా వెళ్తాడు, ఎందుకంటే పిచ్ అంతా ఆ ముఖం వంపులోనే ఉంది. అక్కడ ఆకురాయి ఒక్కసారి అడ్డంగా పడితే పోత పోసినవాళ్ళు ఇచ్చిన లెక్క తప్పుతుంది. లోహం తీయాలంటే వీపు నుంచి తీయి, నునుపు చేయాలంటే రెండు వైపులా చేయి. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే.

పని మొదలయ్యేది రెక్కల దగ్గర కాదు, రంధ్రం దగ్గర. చాలా పందెం ప్రొపెల్లర్లకు షాఫ్ట్ రంధ్రం అంగుళంలో పదహారో వంతులు మూడు, అంటే 4.76 మి.మీ. పోతలో అది కాస్త బిగువుగానో, గరుకుగానో ఉంటుంది. ముందు రీమర్‌తో దాన్ని సాఫు చేస్తారు. తర్వాత తీసే ప్రతి కొలతకూ ఆ రంధ్రం మధ్య గీతే ఆధారం. రంధ్రం ఒక్క వెంట్రుకవాసి వాలుగా ఉంటే మిగిలిన పనంతా వాలుగానే పోతుంది. ఆ తర్వాత ఒక కడ్డీకి ప్రొపెల్లర్‌ను బిగించి చేత్తో తిప్పుతూ రెక్కల చివరలకు మార్కర్ పెన్ను తాకిస్తారు. ఒక రెక్కకు సిరా అంటి రెండోదానికి అంటకపోతే మొదటిది పొడుగన్నమాట. దాన్ని రెండోదానితో సమం చేసేదాకా రాస్తారు.

పిచ్ చూడటం ఇంకా సున్నితమైన పని. ఎక్స్440లో మధ్య నుంచి 14 మి.మీ. దూరంలో రెక్క వాలు సుమారు 32.5 డిగ్రీలు ఉండాలి. ఒక రెక్క అక్కడ ఒకే ఒక్క డిగ్రీ ఎక్కువ వాలితే దాని పిచ్ 56 నుంచి 58 మి.మీ. దాటిపోతుంది. 30,000 చుట్ల దగ్గర కాగితం మీద గంటకు 4 కిలోమీటర్ల తేడా. వేగం పెరిగింది కదా అని సంతోషించడానికి లేదు. ఒక రెక్క ఒక వేగానికి, రెండో రెక్క మరో వేగానికి లాగుతుంటే ఆ పెనుగులాటంతా షాఫ్ట్ మీద, దాన్ని పట్టి ఉంచే బుషింగుల మీద పడుతుంది. అందుకని కోణం కొలిచే చిన్న గేజీ పెట్టి, రెండు రెక్కల మీద ఒకే దూరంలో చుక్కలు పెట్టి, రెంటినీ పోల్చి చూస్తారు. తేడా ఉంటే మృదువైన దవడల పట్టకారుతో, తొందరపడకుండా, కాస్తంత మెలితిప్పుతారు. రెక్కలు ఒకదానికొకటి సమంగా ఉండటం ముఖ్యం. డబ్బా మీద రాసిన అంకెకు సరిగ్గా సరిపోవడం దాని తర్వాతి మాట.

ఇప్పుడు వీపు. మధ్యలో నుంచి ముందంచు వైపు మందం క్రమంగా తగ్గుతూ రావాలి. ఎక్కడా గుంట పడకూడదు, మెట్టు కనిపించకూడదు. ముందు ఆకురాయి, లేదా చేతి డ్రిల్లుకు బిగించిన చిన్న సాండింగ్ డ్రమ్ము. యంత్రంతో త్వరగా అవుతుంది, పాడు కావడమూ అంతే త్వరగా అవుతుంది. డ్రమ్ము ఒక్క క్షణం ఒకేచోట నిలిచిందా, గుంట పడుతుంది. ఆ గుంట పోవాలంటే చుట్టూ ఉన్న లోహమంతా దాని లోతుకు దిగాలి. ఈలోగా రెండో రెక్క కన్నా ఇది పలచనవుతుంది, అప్పుడు దాన్ని కూడా దించాలి. ఇలా ఒకదాని కోసం ఒకటి దించుకుంటూ పోయి చివరికి రెండూ బలం లేని రేకులైపోయిన ప్రొపెల్లర్లు ఈ ఆటలో కొల్లలు. అందుకే అనుభవజ్ఞులు వీపంతా మార్కర్ సిరా పూసి, చెక్కముక్కకు చుట్టిన గరుకు కాగితంతో రాస్తారు. సిరా పోయిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. మళ్ళీ పూస్తారు, మళ్ళీ రాస్తారు. మధ్యమధ్య మైక్రోమీటరు పెట్టి, రెండు రెక్కల మీద ఒకే చుక్క దగ్గర మందం చూసుకుంటారు.

నీటిని మొదట తాకే ముందంచు దగ్గర పని అసలైన చెక్కుడు పనిగా మారుతుంది. వడ్రంగి ఉలికి వాలు ఒకవైపే ఉన్నట్టు, ఇక్కడా వాలంతా వీపు వైపే తీయాలి. ఒత్తిడి ముఖం చదును చెడకుండా అంచుదాకా సాగాలి. మొద్దు అంచు నీటిలోకి దిగితే నీటిని పక్కకు గుద్దుతుంది, ఆ గుద్దుడుకు మోటారు శక్తి ఖర్చవుతుంది. పదునైన అంచు నీటిని కోస్తూ, వీపు మీద గాలి తెర మొదలు కావలసిన చోటే మొదలయ్యేట్టు చేస్తుంది. మరీ సన్నం చేస్తే ఏమవుతుంది? కొలనులో తేలే చిన్న పుల్ల తగిలినా అంచు మడత పడుతుంది, లేదా పెచ్చు ఊడుతుంది. ఎంత సన్నం చేయాలన్నది నీళ్ళను బట్టి, మోటారును బట్టి, యజమాని మళ్ళీ ఎంత త్వరగా పదును పెట్టుకోగలడన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పదును చూడటానికి పరికరం అక్కరలేదు. బొటనవేలి గోటి మీద అంచును వాలుగా ఆనిస్తే చాలు. జారితే ఇంకా మొద్దుగా ఉందన్నమాట, పట్టుకుంటే చాలు.

నీరు వదిలిపోయే వెనకంచుకు దీనికి పూర్తిగా విరుద్ధమైన నియమం. అది మందంగా, నిలువుగా తెగినట్టు ఉండాలి. ఒత్తిడి ముఖం అక్కడ ముగిసే మూల ఖచ్చితంగా కోసినట్టుండాలి. ఆ మూల గుండ్రబడితే నీరు దాన్ని చుట్టుకుని వీపు వైపుకు తిరగాలని చూస్తుంది, నెట్టుడు సగంలో జారిపోతుంది. వెనకంచు ఆకారం ఎంత ముఖ్యమో పెద్ద ఓడలవాళ్ళకు ఇంకో రకంగా తెలుసు. అక్కడ అంచు దగ్గర సుడులు లయబద్ధంగా విడివడి, రెక్క సహజ కంపనంతో శ్రుతి కలిస్తే ప్రొపెల్లర్ ఈల వేసినట్టు మోగుతుంది. దాన్ని పాడే ప్రొపెల్లర్ అంటారు. మందు వెనకంచును ఒక కోణంలో చెక్కడమే. అంత పెద్ద ఓడ సంగీతానికి విరుగుడు ఒక చెక్కుడులో ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కొందరు వెనకంచును ఒత్తిడి ముఖం వైపు అతి స్వల్పంగా వంచుతారు. కప్పింగ్ అంటారు. ఆ చిన్న వంపు వల్ల నీరు ఇంకాస్త వెనక్కి మళ్ళుతుంది, పిచ్ పెరిగినంత ఫలితం ఉంటుంది. హబ్ దగ్గర వెనక్కి పొడుచుకువచ్చే నాలుకలాంటి భాగాన్ని కోసేయడం మరో అలవాటు. అలా కోస్తే మోటారు మీద బరువు తగ్గుతుంది, పడవ వెనక భాగం అనవసరంగా లేవడం తగ్గుతుంది. ఇవి రెండూ నైపుణ్యం కన్నా అభిరుచికి దగ్గరగా ఉండే పనులని నా అభిప్రాయం. ఒక పడవకు అమృతమైనది ఇంకోదానికి పనికిరాదు.

ఇక లోహం సంగతి. ఈ పందెం ప్రొపెల్లర్లు చాలావరకు బెరీలియం కలిసిన రాగితో పోసినవి. రాగిలో బెరీలియం సుమారు రెండు శాతం. ఆ కాస్తే, 315 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు వేడిలో ఉంచితే, మామూలు పోత ఇత్తడికి దాదాపు మూడింతల బలాన్ని ఇస్తుంది. అంత సన్నని రెక్క అన్ని దెబ్బలకు ఓర్చుకోవడం అందువల్లే. మెరుగు కూడా అద్భుతంగా పడుతుంది. కానీ దాని ధూళి విషం. పీల్చితే ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టే జబ్బు రావచ్చు, అదీ ఏళ్ళ తర్వాత. 1946లో హ్యారియెట్ హార్డీ అనే డాక్టరు మసాచుసెట్స్ రాష్ట్రం సేలంలోని ట్యూబ్‌లైట్ల కర్మాగారం కార్మికుల్లో ఈ జబ్బును వివరించింది. 2017లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఘనమీటరు గాలిలో 0.2 మైక్రోగ్రాములు మించకూడదని, పాత హద్దును పదో వంతుకు తగ్గించి, నియమం పెట్టింది. కాబట్టి ఈ పని పొడిగా చేయకూడదు. నీటిలో ముంచి, తడిగా రాయాలి. తగిన మాస్కు వేసుకోవాలి. నీటి బురదను తడి ఆరకముందే గుడ్డతో ఎత్తేయాలి. వంటింటి సింకులో చేయకూడదు, పిల్లలు తిరిగే చోట అసలే చేయకూడదు. మెరిసే వస్తువును మెచ్చుకుంటూ ఈ మాట దాటేసే రాతలు నాకు నచ్చవు.

తడిగా రాయడంలో ఇంకో లాభం ఉంది. కాగితం రంధ్రాలు పూడిపోవు, గీతలు సమంగా పడతాయి. మన రంగులవాళ్ళు వాటర్ పేపర్ అని పిలిచే నల్ల కాగితమే ఇక్కడ ప్రధాన ఆయుధం. 220తో మొదలుపెట్టి 400, 600, 1000, 2000 దాకా పోతారు. అంకె పెరిగే కొద్దీ రేణువు చిన్నది. పి220లో సగటు రేణువు 68 మైక్రాన్లు, పి400లో 35, పి1000లో 18, పి2000లో సుమారు 10. దీనిలో కిటుకు తొందరపడకపోవడమే. ఒక కాగితం చేసిన గీతలన్నీ దాని తర్వాతి కాగితం చెరిపేశాకే ఇంకో దానికి పోవాలి. అందుకు దిక్కు మారుస్తారు. 400తో హబ్ నుంచి చివర వైపు రాస్తే, 600తో అడ్డంగా రాస్తారు. నిలువు గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయాయంటే 600 పని పూర్తయింది. ఆఖరి కాగితాన్ని మాత్రం ముందంచు నుంచి వెనకంచుకు, నీరు పారే దారిలోనే నడిపిస్తారు. మిగిలే సన్నని గీతలు నీటికి అడ్డం పడకుండా దాని దిశలోనే ఉంటాయి. హబ్‌కూ రెక్కకూ మధ్య మూలలో వేలు దూరదు. అక్కడ సన్నని పుల్లకు కాగితం అంటించి రాయాలి. పనివాడి ఓపిక ఎంతో తెలియాలంటే రెక్క మధ్యలో చూడనక్కర్లేదు, ఆ మూలలో చూస్తే చాలు.

ఇంతకీ ఇంత నునుపు నీటికి కావాలా? దీనిమీద పందెగాళ్ళ మధ్య వాదం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అద్దంలా ఉంటేనే వేగమని కొందరు, 600 కాగితంతో ఆపేస్తే చాలని ఇంకొందరు. దీన్ని లెక్క వేసి చూడవచ్చు. ద్రవప్రవాహాల మీద పాఠ్యగ్రంథం రాసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ష్లిష్టింగ్ ఇచ్చిన ఒక మోటు సూత్రం ఉంది. గరుకు ఎత్తును వేగంతో గుణించి నీటి కైనమాటిక్ స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే సంఖ్య వందకు లోపు ఉన్నంతవరకు నీటికి ఆ ఉపరితలం నున్నగానే ఉన్నట్టు లెక్క. సెకనుకు 60 మీటర్ల వేగానికి ఆ హద్దు సుమారు 1.7 మైక్రాన్లు. 400 కాగితం వదిలే గీతలు దీనికి ఎక్కువ. 2000 కాగితం గీతలు, రేణువు 10 మైక్రాన్లయినా అందులో కొంత భాగమే లోహంలోకి దిగుతుంది కనుక, ఈ హద్దు దగ్గరకు వచ్చేస్తాయి. అంటే 1000, 2000 కాగితాల దాకా పోవడంలో అర్థం ఉంది. దానిపైన రుద్దే పాలిష్ పేస్టు వేగానికి ఇచ్చేది దాదాపు సున్నా. వీపు మీద మెరుగు మరీ దండగ, ఎందుకంటే పూర్తి వేగంలో అక్కడ ఉండేది గాలి. పోల్చి చూస్తే పెద్ద ఓడల ప్రొపెల్లర్లకు ఐఎస్ఓ 484 ప్రమాణం అత్యుత్తమ తరగతిలో కూడా 3 మైక్రాన్ల సగటు గరుకును ఒప్పుకుంటుంది. అరచేతిలో పట్టే ఆటవస్తువు మీద మనిషి దాన్ని దాటిపోతున్నాడు.

మరి ఆ పేస్టు ఎందుకు? గరుకుగా ఉన్న ఉపరితలం అన్నిటినీ దాచేస్తుంది. మసక లోహంలో చిన్న గుంట కనిపించదు, అల కనిపించదు. దానికి మెరుపు తెచ్చి, పైన పొడవాటి ట్యూబ్‌లైటు పెట్టి, ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పితే ఆ వెలుగు గీత రెక్క మీద జారుతుంది. రెక్క వంపు సాఫుగా ఉంటే గీత సాఫుగా జారుతుంది. ఎక్కడైనా గుంట ఉంటే అక్కడ వణుకుతుంది. అంచు గుండ్రబడి ఉంటే అంచు చేరకముందే ఒక్కసారిగా వంగిపోతుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడాలు కూడా ఆ గీత పట్టిస్తుంది. మెరుగు పెట్టడమంటే పరీక్షకు సిద్ధం చేయడమే. ఒక రెక్క మీద గీత ఎలా నడిచిందో రెండోదాని మీదా అలాగే నడిస్తే ఆ చేతికి దణ్ణం పెట్టవచ్చు.

పూర్తిగా మునిగి తిరిగే ప్రొపెల్లర్ల సంగతి వేరు. నమూనా ఓడలు కట్టేవాళ్ళు వాడే ఇత్తడి ప్రొపెల్లర్లకు రెండు ముఖాలూ నీటిలోనే ఉంటాయి. వేగం తక్కువ కనుక నునుపు కన్నా అసలు ఓడ పోలిక ముఖ్యం. వేగం పెరిగితే వీపు మీద ఒత్తిడి పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఈ బుడగల గొడవను బాగా అనుభవించిన తొలితరం వాళ్ళలో ఇంజనీరు చార్లెస్ పార్సన్స్ ఒకరు. 1894లో నీట దించిన ఆయన టర్బీనియా ఓడ ఎంత శక్తి పెట్టినా వేగం అందుకోలేదు. కారణం తెలుసుకోవడానికి 1895లో ఆయన ఒక చిన్న రాగి గొట్టంలో నీరు పెట్టి, అందులో రెండు అంగుళాల ప్రొపెల్లర్ తిప్పి, ఆర్క్ దీపం వెలుగును తిరిగే అద్దంతో కొట్టి, బుడగలు ఎక్కడ పుడుతున్నాయో కంటితో చూశాడు. రెండు అంగుళాలు! దాదాపు మన పందెం పడవల ప్రొపెల్లర్ల కొలత. 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో మూడు షాఫ్టులకు తొమ్మిది ప్రొపెల్లర్లు బిగించిన టర్బీనియా 34 నాట్లు దాటి అందరినీ నోరు తెరిపించింది. పార్సన్స్ రాగి గొట్టం లాంటి బుడగల సొరంగం ఇప్పుడు విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లోనూ ఉంది. నమూనా ప్రొపెల్లర్ అంచులో ఒక పెచ్చు ఉన్నా బుడగలు అక్కడి నుంచే మొదలవుతాయి కనుక, అలాంటి పరీక్షలకూ చేతిపని నాణ్యత తప్పనిసరి.

బ్యాలెన్స్ గురించి చెప్పకుండా వదిలేస్తే పందెగాళ్ళు ఊరుకోరు. ప్రొపెల్లర్‌ను సన్నని కడ్డీకి ఎక్కించి, రెండు అయస్కాంతాల మధ్య ఆ కడ్డీ దాదాపు తేలేట్టు నిలబెడతారు. ఒరిపిడి లేనంత తక్కువ. రెక్కలను అడ్డంగా పెట్టి వదిలితే బరువైనది దిగుతుంది. దాని వీపు నుంచి కాస్త రాయాలి, ఒత్తిడి ముఖాన్ని ముట్టుకోకూడదు. అడ్డంగా నిలిచాక నిలువుగా పెట్టి చూడాలి. నిలువుగా ఉన్నది ఒక పక్కకు తిరిగిపోతే హబ్ ఒక వైపు బరువుందన్నమాట. చాలామంది ఈ రెండోదాన్ని చూడరు. మధ్య నుంచి 15 మి.మీ. దూరంలో గ్రాములో పదో వంతు ఎక్కువుంటే 30,000 చుట్ల దగ్గర అది సుమారు ఒకటిన్నర కిలోల బరువుతో లాగుతుంది, సెకనుకు 500 సార్లు దిక్కు మారుస్తూ. సన్నని వంగే షాఫ్ట్, చిన్న బుషింగు ఎంతకాలం తట్టుకుంటాయి? ఇంకో చిక్కు ఉంది. మెరుగు పెట్టడమూ లోహం తీయడమే. బ్యాలెన్స్ చేశాక మెరుగు పెడితే బ్యాలెన్స్ పోతుంది, మెరుగు పెట్టాక బ్యాలెన్స్ చేస్తే మెరుగు పోతుంది. అందుకని తెలివైనవాళ్ళు చివరి బ్యాలెన్స్‌ను మెరుగుతోనే చేస్తారు. బరువైన రెక్క వీపుకు పేస్టు గుడ్డ నాలుగు సార్లు ఎక్కువ తగులుతుంది, అంతే.

గుడ్డ అంటే చేతిగుడ్డే. తిరిగే బఫింగ్ చక్రం వాడినవాళ్ళ పని చూడగానే తెలిసిపోతుంది. చక్రం ముందుగా మూలలను తింటుంది. దుకాణం అద్దాల వెనక ధగధగలాడుతూ కనిపించే ప్రొపెల్లర్లలో వెనకంచు మూల మీద వేలు రాసి చూస్తే నున్నగా జారిపోతుంది. అందం కోసం అసలు పని మూలనే అరగదీశారన్నమాట. చక్రం పదునైన అంచును పట్టుకుని ప్రొపెల్లర్‌ను విసిరికొట్టే ప్రమాదం సరేసరి. ఒక చదునైన చెక్కముక్కకు గట్టి తోలు అంటించి, దానిమీద పేస్టు రాసి రుద్దితే మూల మిగులుతుంది, సమయం మాత్రం పదింతలవుతుంది. మెరుపులో రాజీపడి మూలను కాపాడుకున్న మసక ప్రొపెల్లర్‌కే నా ఓటు.

ఇప్పుడు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాలు గట్టి దిమ్మ నుంచే రెక్కలను చెక్కేస్తున్నాయి. రెండు రెక్కలూ కవలలుగా పుడతాయి. పిచ్ కొలిచే తిప్పలు దాదాపు లేవు. అయినా గుండ్రటి మొన ఉన్న కట్టర్ ఒకదాని పక్కన ఒకటిగా నడిచిన చాళ్ళ మధ్య సన్నని గట్లు మిగులుతాయి. వాటిని తీసేది మళ్ళీ ఆ నల్ల కాగితమే. ముందంచు ఆఖరి పదును కూడా చాలామంది చేత్తోనే పెట్టుకుంటారు, ఎందుకంటే అది పడవను బట్టి మారుతుంది.

పదును పెట్టిన ప్రొపెల్లర్‌కు ఆయుష్షు ఎక్కువ లేదు. తేలే కొమ్మ తగులుతుంది, పందెం దారికి గుర్తుగా తేలే బోయ్ నుంచి ఊడిన ఫోమ్ ముక్క తగులుతుంది, ఒడ్డున దింపేటప్పుడు గులకరాయి గీరుతుంది. ప్రతిసారీ అంచు కాస్త వెనక్కి జరిగి మళ్ళీ పదునెక్కుతుంది, మళ్ళీ రెండో రెక్కనూ అంతే జరపాలి, మళ్ళీ అయస్కాంతాల మధ్యకు పోవాలి. ఎక్స్447గా కొన్నది కొన్నాళ్ళకు 46 మి.మీ. తేలుతుంది. పేరు అదే ఉంటుంది గానీ మోటారు లాగే కరెంటు తగ్గుతుంది, చుట్లు పెరుగుతాయి. కాబట్టి జాగ్రత్తపరులు ప్రొపెల్లర్ పెట్టుకునే డబ్బా గడిలో పాత పేరు పక్కనే ఇప్పటి వ్యాసం, ఇప్పటి బరువు రాసిన చీటీ ఉంచుకుంటారు, ఏ పడవకు ఏది బిగించాలో పందెం రోజు ఆ చీటీ చూసే తేలుస్తారు.